యల్లాప్రగడ సుబ్బారావు

గోదావరి డెల్టాలో వరికోతల కాలము వచ్చినదనిన ఊరూర సందడి నెలకొనును. తెల్లవారక మునుపే కూలీలు కొడవళ్లు చేతబట్టి పొలములకు బయలుదేరుదురు. వంగి కోత కోయుదురు, పనలు కట్టుదురు, కుప్పలు వేయుదురు. నూర్పిళ్లయిన పిమ్మట ధాన్యపు బస్తాలను వీపుల కెత్తుకొని బండ్లకు చేర్చుదురు. బస్తా మోసిన మనుష్యుడు కొంతసేపు నీడను కూర్చుండి, ముంతెడు మజ్జిగ త్రాగి, లేచి మరియొక బస్తా నెత్తుకొనును. అంతకు ముందు వ్యయమైన బలము వానికి మరల ఎక్కడినుండి వచ్చినది? అది దేహమందు ఏ రూపమున నిలువయుండును? ఆ నిలువ తరిగిపోయినచో మానవుని గతి యేమి? ఈ ప్రశ్నలు వినుటకు చిన్నవి. వీనికి సమాధానము కనుగొనుటకు మాత్రము శాస్త్రజ్ఞులకు బహుకాలము పట్టినది. ఆ సమాధానములో ముఖ్యమైన భాగమును లోకమున కిచ్చినవాడు ఆ డెల్టాలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. ఆ పట్టణము నేడు పశ్చిమ గోదావరి జిల్లాలో ఉన్నది. తండ్రి జగన్నాథము రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. తల్లి వెంకమ్మ. వారికి ఏడుగురు బిడ్డలు. తండ్రి ఆరోగ్యము చెడి ఆదాయము సన్నగిల్లుటచే సంసారము కష్టముతో సాగుచుండెను. ఆ కష్టమును చూచి బాలుడైన సుబ్బారావు ఒక సాహసమునకు పూనుకొనెను. కాశీకి పోయి యాత్రికులకు పండ్లమ్మి ధనము గడింపవలెనని పదుమూడేండ్ల వయస్సున ఇల్లు విడిచి బయలుదేరెను. తల్లి వానిని వెదకి పట్టుకొని వెనుకకు తెచ్చెను. ధనమార్జించుటకు ముందు విద్య నార్జింపవలెనని ఆమె పట్టుదల.

విద్య మాత్రము సుబ్బారావునకు సులభముగా అబ్బలేదు. రాజమహేంద్రవరమున చదువుచు మెట్రిక్యులేషను పరీక్షలో తప్పెను. తండ్రి మరణించెను. ఇల్లు గడచుటే కష్టమైనను తల్లి తన నగలమ్మి కుమారుని మద్రాసునకు పంపెను. అచ్చట హిందూ ఉన్నత పాఠశాలలో చదివి మూడవ పర్యాయము పరీక్షలో కృతార్థుడయ్యెను. రెండు పర్యాయములు తప్పిన బాలుడు ఒకనాడు ప్రపంచమునకు పాఠము చెప్పగల శాస్త్రజ్ఞుడగునని ఆనాడు ఎవరును ఊహించియుండరు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలమున సుబ్బారావు మనస్సు సన్న్యాసము వైపు మరలెను. రామకృష్ణ మఠమున చేరి జీవితమును సేవకు అర్పింపవలెనని ఆయన కోరిక. తల్లి అందుల కంగీకరింపలేదు. రోగులకు సేవచేయుటయు భగవత్సేవయే గదాయని తలచి ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. 1919లో తూర్పు గోదావరి ప్రాంతమునకు చెందిన అనపర్తిలోని కస్తూరివారి కుమార్తె శేషగిరితో వివాహమయ్యెను. అది మొదలు మామగారు ఆయన చదువునకు తోడ్పడిరి.

అవి స్వాతంత్ర్యోద్యమపు దినములు. విదేశ వస్త్రములను విడువుడని గాంధీమహాత్ముడు పిలుపునిచ్చెను. సుబ్బారావు ఖద్దరు ధరించి శస్త్రచికిత్సా తరగతికి పోయెను. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది రుచింపలేదు. తక్కిన విషయములలో చక్కగా వ్రాసినను శస్త్రచికిత్సలో సుబ్బారావునకు ఉత్తీర్ణత లభింపలేదు. పూర్తి వైద్య పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పత్రము మాత్రమే చేతికి వచ్చెను. ఆ పత్రముతో ఆయన మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రమును బోధించు ఉపన్యాసకుడుగా చేరెను.

ఈ మధ్యకాలముననే ఆయన కుటుంబమునకు ఘోరమైన దెబ్బ తగిలెను. సోదరులిద్దరు కొలది దినముల వ్యవధిలో స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించిరి. ఆ వ్యాధి సోకినవానికి తిన్న ఆహారము ఒంటబట్టదు, రక్తము క్షీణించును, మనిషి దినదినము కృశించి పోవును. దానికి సరియైన మందు ఆనాటి వైద్యులవద్ద లేకుండెను. వైద్యవిద్య చదివియు తోడబుట్టినవారిని కాపాడుకొనలేకపోయితినను బాధ సుబ్బారావును వెంటాడెను. దేహము ఏల కృశించును? ఆహారము బలముగా మారు మార్గమున ఎచ్చట అడ్డంకి ఏర్పడును? ఈ ప్రశ్నలకు జవాబు దొరకు చోటికి పోవలెనని ఆయన నిశ్చయించుకొనెను. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థయు, మామగారును చేసిన సాయముతో ఆయన సముద్రము దాటి అమెరికాకు పయనమయ్యెను. గర్భవతియైన భార్యను పుట్టినింట విడిచి, కొలది సంవత్సరములలో తిరిగి వత్తునని మాట యిచ్చి వెడలెను.

1923 నాటికి సుబ్బారావు బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణమండల వైద్య విద్యాలయమున చదువుచుండెను. చేతిలో పైకము లేదు. మద్రాసులో పొందిన పత్రము అచ్చట వైద్యము చేయుటకు చాలదు. అందుచే రాత్రివేళ ఒక ఆసుపత్రిలో పనివాడుగా చేరి, రోగుల మలమూత్ర పాత్రలను కడుగుచు జీవనము గడపెను. పగలు విద్యార్థి, రాత్రి సేవకుడు. ఇంటివద్ద పుట్టిన కుమారుడు ఏడాదియైనను నిండకుండ మరణించెనను వార్త ఆయనకు అచ్చటనే తెలిసెను. ఆ శిశువు ముఖమును ఆయన చూచియే యుండలేదు. ఇంతటి దుఃఖములోను ఆయన చదువు మానలేదు. తరువాత హార్వర్డులోనే జీవరసాయన శాస్త్ర విభాగమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునివద్ద పరిశోధకుడుగా చేరెను.

ఆ విభాగమున సుబ్బారావు చేపట్టిన మొదటి పని చూచుటకు మిక్కిలి సామాన్యమైనది. రక్తమునందును మూత్రమునందును భాస్వరము ఎంత యున్నదో కొలుచుటకు ఒక సులభమైన పద్ధతిని కనుగొనవలెను. ఫిస్కెయు సుబ్బారావును కలసి 1925లో అట్టి పద్ధతిని ప్రకటించిరి. కొలువవలసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటును, మరియొక రసాయనమును కలుపుదురు. భాస్వరమున్నచో నీలిరంగు పుట్టును. రంగు ఎంత చిక్కగా నున్నచో భాస్వరము అంత ఎక్కువగా నున్నదన్నమాట. ఫిస్కె-సుబ్బారావు పద్ధతియను పేర ఇది ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికి ప్రాకినది. తరతరముల విద్యార్థులు దీనిని నేర్చుకొనిరి.

ఈ సామాన్యమైన కొలతయే గొప్ప రహస్యమునకు ద్వారము తెరచినది. కండరమునుండి తీసిన రసమును ఈ పద్ధతితో పరీక్షించునపుడు ఒక వింత కనబడెను. నీలిరంగు వెంటనే పూర్తిగా రాలేదు. నిముషములు గడచుకొలది అది క్రమముగా చిక్కనగుచుండెను. పరీక్షలో ఏదియో పొరపాటు జరిగినదని విడిచిపెట్టినను అడుగువారు లేరు. సుబ్బారావు, ఫిస్కెలు విడువలేదు. భాస్వరము ఏదో యొక పదార్థముతో జతకట్టి దాగియున్నదనియు, ఆమ్లము తగులగనే ఆ జత మెల్లమెల్లగా విడిపోయి భాస్వరము బయటపడుచున్నదనియు వారు గ్రహించిరి. భాస్వరముతో కూడియున్నది క్రియాటిన్ అను పదార్థము. రెండును కలసిన ఆ క్రొత్త పదార్థమునకు ఫాస్ఫోక్రియాటిన్ అని పేరు. 1927లో వారు ఈ సంగతిని లోకమునకు తెలిపిరి. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును కండరమున ఇట్టి పదార్థ మున్నదని వేరుగా కనుగొనిరి.

ఈ పదార్థము కండరమున చేయు పనియేమి? వారు పిల్లి కండరములను పరీక్షించిరి. విద్యుత్తుతో కండరమును ముడుచుకొనునట్లు చేసినపుడు ఫాస్ఫోక్రియాటిన్ తరిగిపోయెను. కండరమునకు విశ్రాంతి నిచ్చినపుడు అది మరల పెరిగెను. బలము వ్యయమగుటయు, తిరిగి కూడుటయు పరీక్షనాళములో కంటికి కనబడినట్లయ్యెను. 1929లో వారు కండరమునుండియే అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వేరుచేసిరి. జర్మనీలో కార్ల్ లోమన్ అను శాస్త్రజ్ఞుడును అదే సంవత్సరమున దానిని కనుగొనెను. దీనినే పొట్టిగా ఏ.టి.పి. యందురు. చెట్టు చేమలు మొదలు మానవుని వరకు సర్వ ప్రాణులును శక్తిని ఖర్చుచేయు నాణెమిదియే యని నేడు పాఠశాల పుస్తకములలో చదువుకొనుచున్నాము.

ఈ రెంటికిని గల సంబంధమును గృహస్థుని యింటితో పోల్చి చెప్పవచ్చును. పొయ్యిమీది ఎసటిలో పోసిన బియ్యము ఏ.టి.పి. వంటిది, అది అప్పటి అవసరమునకే చాలును. కండరములోని ఏ.టి.పి. తీవ్రమైన శ్రమకు కొలది క్షణములు మాత్రమే సరిపోవును. ప్రక్కనున్న బియ్యపు కుండ ఫాస్ఫోక్రియాటిన్ వంటిది; ఎసటిలోనికి కావలసిన బియ్యమును తత్క్షణమే అందించును. గాదెలోని ధాన్యము దేహమందలి చక్కెరయు క్రొవ్వును. అది చాల కలదు గాని, దంచి బియ్యము చేయుటకు వేళపట్టును. ధాన్యము దంచి కుండ నింపువరకు ఇల్లు గడచునది కుండలోని బియ్యముతోడనే. ఎసటిలోనికి బియ్యమును కొలిచిపోయు చేయి వంటి ఎంజైము ఒకటి కండరమున కలదు. దాని పేరు క్రియాటిన్ కైనేజు.

అంతకు ముందు శాస్త్రజ్ఞులు లాక్టిక్ ఆమ్లమే కండరమును ముడుచుకొనజేయునని నమ్మియుండిరి. ఆ పరిశోధనలకు హిల్, మయర్‌హాఫ్ అను మహాశాస్త్రజ్ఞులు 1922 సంవత్సరపు నోబెలు బహుమానమును గూడ పొందిరి. 1930లో డెన్మార్కు దేశస్థుడైన లుండ్స్‌గార్డు లాక్టిక్ ఆమ్లము పుట్టకుండ చేసినను కండరము ముడుచుకొనుననియు, అప్పుడు ఫాస్ఫోక్రియాటిన్ వ్యయమగుననియు చూపెను. కండర శాస్త్రమున విప్లవము వచ్చినదని హిల్ తానే 1932లో ఒప్పుకొనెను. తన సిద్ధాంతము తప్పని తేలినపుడు దానిని అంగీకరించుట శాస్త్రజ్ఞునకు చిన్నతనము కాదు. అదియే అతని గొప్పదనము.

ఈ పరిశోధనలు జరుగక మునుపే వైద్యులను కలవరపెట్టుచున్న వ్యాధి యొకటి కలదు. అది వంశపారంపర్యముగా వచ్చు కండరక్షీణత. 19వ శతాబ్దిలో దానిని విపులముగా వర్ణించిన ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ పేర అది ప్రసిద్ధమైనది. ఇది ప్రధానముగా మగపిల్లలకు వచ్చును. సుమారు అయిదువేల మంది మగశిశువులలో ఒకనికి ఈ వ్యాధి కలుగును. శిశువు పుట్టినపుడు ఆరోగ్యముగనే కనబడును. మూడు, నాలుగు సంవత్సరముల వయస్సు వచ్చుసరికి పరుగిడలేడు, మెట్లెక్కలేడు, తరచుగా పడిపోవును. నేలపై కూర్చున్నవాడు లేవవలెననిన మోకాళ్లపై చేతులాన్చి, తొడలపైకి ప్రాకించుచు, తన్ను తాను పైకి ఎత్తుకొనును. పిక్కలు మాత్రము లావుగా కనబడును. చూచువారు అది బలమనుకొందురు. నిజమునకు అచ్చట కండరము నశించి, దాని స్థానమున క్రొవ్వును నారయు నిండియుండును. పండ్రెండేండ్లకు దాపుగా పెక్కుమంది నడువలేని స్థితికి వత్తురు. తరువాత ఊపిరి తీయు కండరములును, గుండెయు బలహీనపడును.

ఇట్టి బాలుర మూత్రమున క్రియాటిన్ ఎక్కువగా పోవుచున్నదని 20వ శతాబ్ది తొలి భాగమున వైద్యులు గమనించిరి. ఆరోగ్యవంతుడైన పెద్దవాని మూత్రమున క్రియాటిన్ దాదాపుగా ఉండదు. అది మార్పు చెందగా ఏర్పడిన క్రియాటినిన్ మాత్రమే పోవుచుండును. ఈ బాలురలో క్రియాటినిన్ తక్కువ, క్రియాటిన్ ఎక్కువ. ఈ తారుమారునకు అర్థమేమో తొలుత తెలియలేదు. క్రియాటిన్ కండరమున చేయు పని యేమో తెలియని కాలమున, అది మూత్రమున పోయిన నష్టమేమో ఎవరు చెప్పగలరు?

సుబ్బారావు, ఫిస్కెల పరిశోధనతో ఆ నష్టమునకు అర్థము దొరకెను. క్రియాటిన్ మూత్రపిండములయందును కాలేయమునందును తయారగును. రక్తము దానిని కండరములకు చేర్చును. దేహమందలి క్రియాటిన్‌లో నూటికి సుమారు 95 వంతులు కండరములలోనే యుండును. అచ్చట అది భాస్వరముతో జతకూడి బలమును నిలువచేయును. కండరము నశించిన బాలునికి దేహము క్రియాటిన్‌ను తయారుచేయుచునే యుండును. దానిని పట్టియుంచుకొను కండరము లేదు. అందుచే అది వ్యర్థముగా బయటకు పోవును. కండరము తక్కువైనందున క్రియాటినిన్ పుట్టుట తగ్గును. బియ్యపు కుండ పగిలిన యింట గింజలు నేలపాలగునట్లు ఇచ్చట బలము మూత్రము పాలగుచున్నది.

ఇది తెలిసినంతనే వైద్యులకు ఒక ఆశ కలిగెను. క్రియాటిన్ తయారగుటకు గ్లైసిన్ అను పదార్థము కావలెను. 1932 ప్రాంతమున కొందరు వైద్యులు రోగులకు గ్లైసిన్‌ను విశేషముగా తినిపించి చూచిరి. మూత్రమున క్రియాటిన్ మరింత పెరిగినది, కండరము నిలువలేదు. పగిలిన కుండలో ఎన్ని మానికలు పోసినను కుండ నిండదు. పగులు ఎచ్చట నున్నదో ముందు కనుగొనవలెను. అది కనుగొనుటకు మరియొక అరశతాబ్దము పట్టినది.

సుబ్బారావు వెదకినది ఈ వ్యాధికి మందు కాదు. ఆయన మనస్సున నిలిచియున్నది సోదరులను బలిగొన్న స్ప్రూ. 1930లో ఆయన హార్వర్డున పి.హెచ్‌డి. పట్టము పొందెను. అటుపిమ్మట కాలేయమునందు రక్తహీనతను పోగొట్టు పదార్థము లేమి యున్నవోయని సంవత్సరముల తరబడి శోధించెను. ఇంతచేసినను ఆ విశ్వవిద్యాలయమున ఆయనకు స్థిరమైన ఉద్యోగము లభింపలేదు. ఆ కాలమున అమెరికాలోని చట్టములు భారతీయులకు పౌరసత్వమును గూడ నిరాకరించుచుండెను. 1940లో ఆయన హార్వర్డు విడిచి న్యూయార్కు రాష్ట్రమందలి పెరల్ రివర్ గ్రామమున నున్న లెడర్లీ ప్రయోగశాలలలో చేరెను. కొలదికాలములోనే అచ్చటి పరిశోధనల కన్నిటికి అధిపతి యయ్యెను.

అచ్చట గడపిన ఎనిమిది సంవత్సరములలో ఆయన నాయకత్వమున జరిగిన పని ఆశ్చర్యకరమైనది. 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. స్ప్రూ రోగుల రక్తహీనతను పోగొట్టినది అదియే. సోదరుల చితులవద్ద పుట్టిన ప్రశ్నకు ఆయనకు ఇన్నేండ్లకు సమాధానము దొరకినది. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని పనిని అడ్డగించు పదార్థములను గూడ ఆయన బృందము తయారుచేసెను. వానిలో ఒకటియైన అమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు 1947లో ఇచ్చి చూచెను. అంతవరకు ఏ మందునకును లొంగని ఆ వ్యాధి కొందరిలో తాత్కాలికముగా తగ్గినది. కాన్సరునకు మందులతో చికిత్స చేయవచ్చునను నమ్మకము అచ్చటినుండి బలపడెను. ఆరియోమైసిన్ అను మందు 1948లో వెలువడెను. టెట్రాసైక్లిన్లను మందుల కుటుంబమునకు అదియే ఆది.

మరియొక మందు ఆయన పుట్టిన సీమకే ఉపకరించినది. కాలువలును మురుగు నీరును దోమలును గల గోదావరి డెల్టాలో బోదకాలు వ్యాధి తరతరములుగా ప్రజలను బాధించుచుండెను. లెడర్లీ ప్రయోగశాలలనుండి 1947లో హెట్రజాన్ అను మందు వెలువడెను. బోదకాలునకు కారణమైన సన్నని పురుగుల పిల్లలను అది రక్తమునుండి తొలగించును. 2004 నుండి భారతదేశమున బోదకాలు నివారణకై ఊరూర ప్రజలకు పంచిన మాత్రలలో ముఖ్యమైనది ఈ మందే. భీమవరమున పుట్టిన బిడ్డడు దూరదేశమున నుండి కన్నభూమి ఋణమును ఈ విధముగా తీర్చుకొనెను.

ఆయన మాత్రము కన్నభూమికి తిరిగి రాలేదు. ఒక పని ముగియగనే మరియొక పని ఆయనను పట్టి నిలిపెను. అనపర్తి యింటినుండి పంపిన భార్యకు ఆయనను మరల చూచు భాగ్యము కలుగలేదు. గొప్ప కార్యములకు చెల్లించు మూల్యమును కార్యకర్త యొక్కడే చెల్లింపడు. అతని ఇంటివారును చెల్లింతురు. స్వాతంత్ర్యము వచ్చి ఏడాది నిండుచున్న దినములలో, 1948 ఆగస్టు నెలలో, సుబ్బారావు న్యూయార్కు ప్రాంతమున నిద్రలోనే గుండె ఆగి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు. నోబెలు బహుమానము రాలేదు. పేరుకొరకు ఆయన పాకులాడనందున ఆయన జీవించియుండగా స్వదేశమున పెక్కుమందికి ఆయన యెవరో తెలియదు. భారత ప్రభుత్వము ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించెను.

సుబ్బారావు మరణించినను ఆయన తెరచిన ద్వారము మూతపడలేదు. 1959లో జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషీయు, ఆయన సహచరులును కండరక్షీణత గల బాలుర రక్తమున క్రియాటిన్ కైనేజు అధికముగా నున్నదని కనుగొనిరి. కండరములో నుండవలసిన ఎంజైము రక్తములోనికి కారుచున్నదనిన, కండరపు పొరకు పగులు ఉన్నదన్నమాట. నడక తడబడక మునుపే, శిశువు పుట్టిన తొలిదినములలోనే, ఈ ఎంజైము రక్తమున ఎన్నో రెట్లు హెచ్చుగా నుండును. నేటికిని ఈ వ్యాధిని అనుమానించిన వైద్యుడు మొదట చేయించు రక్తపరీక్ష ఇదియే.

ఆ పగులునకు కారణము 1987లో తెలిసినది. ఆ పని జరిగినది సుబ్బారావు రాత్రులు పాత్రలు కడిగిన బోస్టను నగరముననే. కండరపు పొరను లోపలినుండి పట్టియుంచు డిస్ట్రోఫిన్ అను మాంసకృత్తు ఈ బాలురలో లోపించినదని కుంకెల్ బృందము కనుగొనెను. ఆ మాంసకృత్తును తయారుచేయు జన్యువు చెడియుండుటయే మూలకారణము. డిస్ట్రోఫిన్ లేని పొర కండరము ముడుచుకొన్నప్పుడెల్ల చిరుగును. చిరిగిన చోట కాల్షియము లోనికి జొరబడి కణమును పాడుచేయును. లోపలనుండు ఎంజైములు బయటకు పోవును. 1980 తరువాత దేహమును కోయకుండ అయస్కాంత యంత్రముతో భాస్వరమును కొలుచు పద్ధతి వచ్చినది. ఈ బాలుర కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ తక్కువగా నున్నదని దానివలన బయటనుండియే తెలిసినది. పరీక్షనాళములో నీలిరంగుతో ప్రారంభమైన కొలత ఈ విధముగా మానవుని దేహమునకు నొప్పి కలిగింపని కొలతగా పరిణమించినది.

వ్యాధి ఇంకను పూర్తిగా లొంగలేదు. కొన్ని మందులు దాని వేగమును తగ్గించుచున్నవి. రోగులకు క్రియాటిన్ ఇచ్చి చూడగా కొంతవరకు బలము పెరిగినట్లు తెలిసినది గాని వ్యాధి నయము కాలేదు. చెడిన జన్యువునకు బదులు మంచిదానిని చేర్చు ప్రయత్నములు సాగుచున్నవి. ఎసటిలోనికి బియ్యము, కుండకు మాటు, కుమ్మరి సారెకే దిద్దుబాటు; శాస్త్రము ఈ మూడు దారులను వెదకుచున్నది.

ఇట్టి బాలుని జూచి పూర్వజన్మ పాపమనియు, తల్లి దోషమనియు పలుకుట అజ్ఞానము. తల్లికి తెలియకయే జన్యువు బిడ్డకు సంక్రమించును. కొందరు బిడ్డలలో అది తల్లియందు లేకయే క్రొత్తగా చెడును. ఇందులో ఎవరి తప్పును లేదు. నేలనుండి లేచుటకు మోకాళ్లపై చేతులాన్చు బాలుడు తరగతిలో నున్నచో వానిని పరిహసింపక చేయూతనిచ్చుటయే ధర్మము.

సుబ్బారావు జీవితము చెప్పునది ఇంతకంటె వేరు కాదు. ఆయన తన యింటి దుఃఖమును ఇతరుల దుఃఖమును తీర్చు సాధనముగా మార్చుకొనెను. నీలిరంగు ఆలస్యముగా వచ్చినపుడు విసుగక కారణము వెదకెను. పరీక్షలో రెండు పర్యాయములు తప్పిన బాలుని ఓర్పే ప్రయోగశాలలో ఆయనకు అక్కరకు వచ్చినది. గోదావరి ఒడ్డున కూలి తన భుజమున కెత్తుకొను బస్తాలో ఎంత బలము వ్యయమగునో, తీరని వ్యాధితో బాలుడు ఒక్క అడుగు వేయుటలో ఎంత బలము వ్యయమగునో తెలియజేసిన మహనీయులలో ఆయన అగ్రగణ్యుడు.